రాత్రి బస్సు ఎక్కడ ఆపారు?

ఈ మధ్య తెలుగులో కూడా మొదలయ్యాయి. పాత బస్సు ఒకటి కొని, సీట్లు పీకేసి, మంచమూ పొయ్యీ బిగించుకుని, ఉద్యోగం మానేసో, మానకుండా లాప్‌టాప్ వెంట పెట్టుకునో నెలల తరబడి తిరిగినవాళ్ళ అనుభవాలు. వ్యాసాలు, వీడియోలు, ఫేస్‌బుక్ పోస్టులు. అన్నిట్లోనూ ఒక ఫోటో ఉండి తీరుతుంది. బస్సు వెనక తలుపు బార్లా తెరిచి ఉంటుంది, పరుపు చివర రెండు జతల పాదాలు, వాటి అవతల సముద్రమో కొండో. కింద రాసే మాటలు కూడా దాదాపు ఒకటే: ఇల్లు వదిలేశాక తేలికయ్యామనీ, లోకమంతా తమ పెరడేననీ.

ఆ పాదాల మీద నాకు కోపమేమీ లేదు. అలాంటి ఫోటో ఒకదానిలో మూడో జత నాది. నా పేచీ అల్లా వీళ్ళు చెప్పకుండా దాటేసే ఒక్క విషయంతో. ఇన్ని పేజీల్లో, ఇన్ని గంటల వీడియోల్లో బస్సు ఎక్కడెక్కడికి వెళ్ళిందో ఉంటుంది. రాత్రిపూట ఎక్కడ ఆపారో, అక్కడ ఎవరు ఆపుకోనిచ్చారో, ఎందుకు ఆపుకోనిచ్చారో ఉండదు. నడిచే బస్సులు లోకంలో కావలసినన్ని ఉన్నాయి. బస్సు ఇల్లు కావాలంటే అది ఒకచోట ఆగాలి, లోపలి మనిషి లైటు ఆర్పుకుని తెల్లారేదాకా పడుకోగలగాలి. అమెరికాలో ఆ ఆగడం ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు? బస్సు ఇంటి కథంతా అక్కడే ఉంది. దాన్ని వదిలేసి మిగతాదంతా చెబుతున్నారు కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

మా బాబాయి కొడుకూ, మరదలూ డాలస్ దగ్గర ఉంటారు. ఒక స్కూలు డిస్ట్రిక్టు వేలంలో పాత పసుపు బస్సు కొన్నారు. ముప్పై అయిదు అడుగులది. రెండేళ్ళపాటు శని ఆదివారాలన్నీ దానికే పోశారు. ఆ పసుపుకి ఓ కథ ఉంది. 1939లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసరు పెట్టిన సమావేశంలో, మసక వెలుతురులో కూడా దాని మీద నల్లక్షరాలు బాగా కనపడతాయని ఖాయం చేసిన రంగు అది. బడిపిల్లల కోసం కాక సొంతానికి వాడుకుంటే చాలా రాష్ట్రాల్లో ఆ రంగు మార్చెయ్యాలి, పక్కకి తెరుచుకునే స్టాప్ బోర్డూ ఎర్రదీపాలూ తీసెయ్యాలి. మావాళ్ళు ముదురు ఆకుపచ్చ వేయించారు. కింద సన్నగా తెల్ల గీత. రంగు సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దానితో పనుంది.

కిందటేడు జనవరిలో నన్నూ రమ్మన్నారు. "అన్నయ్యా, నువ్వెప్పుడూ పుస్తకాల్లో తిరగడమేనా?" అన్నాడు వాడు. నాకు ఉద్యోగంలో అయిదు వారాలు సెలవు మిగిలి ఉంది. టెక్సస్ నించి న్యూమెక్సికో, అరిజోనా మీదుగా కాలిఫోర్నియా తీరం పట్టుకుని ఆరెగాన్ దాకా. వెళ్ళేటప్పుడు నా అపార్టుమెంటు అద్దె ముందే కట్టి వెళ్ళాను. వాళ్ళ ఇంటికి పక్కింటాయన మొక్కలకి నీళ్ళు పోశాడు. ఇల్లు వదిలేసిన ముగ్గురికీ రెండు ఇళ్ళున్నాయన్నమాట.

సుఖాలు దాచను. బస్సు కిటికీలు కారు కిటికీల్లాంటివి కావు. బల్ల దగ్గర కూర్చుని ఉప్మా తింటుంటే పక్కన ఎడారి నెమ్మదిగా జరిగిపోతుంది. నెమ్మది అని ఎందుకంటున్నానంటే గంటకి 60 మైళ్ళు దాటితే ఆ బండి ఏడుస్తుంది. గాలన్ డీజిలుకి ఎనిమిది, తొమ్మిది మైళ్ళు. ఎత్తెక్కేటప్పుడు లారీలు కూడా మమ్మల్ని దాటిపోయేవి. అయినా బాగుంది. వాన రాత్రి ఆ రేకు కప్పు కింద పడుకోవడం నాకు చిన్నప్పటి మా తాతగారి వసారాని గుర్తుచేసింది. ఇంతకంటే పొగడమన్నా పొగడగలను.

కానీ పనో? నీళ్ళ ట్యాంకు 60 గాలన్లు. ముగ్గురికి పొదుపుగా నాలుగు రోజులు. నిండితే నీళ్ళ బరువే 227 కిలోలు. అవి ఎక్కడ నింపుకోవాలి, వాడిన నీళ్ళు ఎక్కడ వదలాలి, కంపోస్టు టాయిలెట్ ఎక్కడ ఖాళీ చెయ్యాలి, రెండు రోజులు మబ్బు పడితే సోలార్ పలకల మీద ఫ్రిజ్ ఎలా నడవాలి అన్నదే పొద్దున లేచింది మొదలు మా మాటలు. సూర్యోదయాలు చూశాం, నిజమే. ఎక్కువ సూర్యోదయాల్లో మా తమ్ముడు ఓ పైపు పట్టుకుని ఉన్నాడు. మరదలు రెండో వారంలోనే తేల్చేసింది. "బావగారూ, ఇంట్లో ఉన్న పనే ఇది. ఇక్కడ వంగి చెయ్యాలి, అంతే తేడా." ఆ అమ్మాయి పొడగరి. ఇంటి బరువు దించుకున్నామని రాసేవాళ్ళలో వంట ఎవరు చేస్తున్నారో మీరు కాస్త వెతికి చూడండి.

సరే, రాత్రుల సంగతి. నాకు డైరీ అలవాటు. మొత్తం 34 రాత్రులు. డబ్బు కట్టి క్యాంపుగ్రౌండుల్లో 11. అరిజోనాలో ప్రభుత్వ ఎడారి భూమిలో 9. తెలిసినవాళ్ళ ఇళ్ళ ముందు 6. వాళ్ళు తెలుగువాళ్ళు, కాబట్టి రాత్రి భోజనం కూడా అక్కడే. మిగిలిన ఎనిమిదీ పెద్ద దుకాణాల పార్కింగుల్లో, హైవే పక్క విశ్రాంతి స్థలాల్లో, ఒకసారి ఒక కేసినో వెనకాల. క్యాంపుగ్రౌండుకి డబ్బు, చుట్టాల ఇంటికి చుట్టరికం, దుకాణం పార్కింగుకి వాళ్ళ మేనేజరు దయ. అడిగితే ఒకచోట "ఒక్క రాత్రికి పరవాలేదు" అన్నారు, ఇంకోచోట బోర్డు చూపించారు. ఊరికే, మనిషిని కాబట్టి, బండి ఉంది కాబట్టి ఆగగలిగిన చోటు ఆ ఎడారి ఒక్కటే. దానికీ లెక్కుంది. ఉచితంగా అయితే 14 రోజులు, ఆ తరవాత చాలా దూరం జరగాలి. శీతాకాలమంతా ఉండాలంటే క్వార్ట్‌జైట్ ఊరి పక్క ప్రత్యేకమైన జాగాలో 180 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకోవాలి. సెప్టెంబరు 15 నించి ఏప్రిల్ 15 దాకా చెల్లుతుంది.

(క్వార్ట్‌జైట్‌లో ఒక సమాధి ఉంది. చిన్న పిరమిడ్, దాని మీద రేకు ఒంటె. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోతకని ఒంటెలు తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ అనేవాడిది. ఇక్కడి నోళ్ళలో పడి 'హై జాలీ' అయిపోయాడు. ఒంటెల పథకం మూలపడింది, ఆయన మాత్రం తిరిగి వెళ్ళలేదు. వేలాది ఇళ్ళబళ్ళు వచ్చి దిగే ఊరికి ఒంటెలవాడి సమాధి గుర్తుగా ఉండటం నాకు నచ్చింది. ఇంతకంటే దీనికి ఇక్కడ పని లేదు.)

ఆ ఎడారిలో మా చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎవరనుకున్నారు? ఎదురుగా మూడు లక్షల డాలర్ల మోటార్‌హోము. దాని వెనకాల పాత మినీవ్యాన్, కిటికీలకి అట్టముక్కలు, అందులో డెబ్భై దాటిన ఒకావిడ. జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకంలో రాసింది ఇలాంటివాళ్ళ గురించే. ఇంటి అద్దె కట్టలేక వ్యాన్లలోకి మారి, పంటల సీజన్ని బట్టి, గిడ్డంగుల్లో పండగల రద్దీని బట్టి పనులు వెతుక్కుంటూ తిరిగే ముసలివాళ్ళు. క్లోయీ జావ్ దాన్ని సినిమా తీస్తే 2021లో ఉత్తమ చిత్రం ఆస్కారు వచ్చింది. సినిమా చూసిన మనవాళ్ళలో చాలామందికి ఆకాశం గుర్తుండిపోయింది. పుస్తకం చదివితే అద్దె గుర్తుంటుంది.

ఇక నేను చెప్పాలనుకున్న రాత్రికి వస్తాను. ఆరెగాన్ తీరంలో ఒక చిన్న ఊరు. చీకటి పడింది, వాన. క్యాంపుగ్రౌండు మూసేసి ఉంది. ఊరి చివర సముద్రం వైపు ఒక పబ్లిక్ పార్కింగ్ ఉంటే అక్కడ ఆపాం. అప్పటికే అక్కడ ఓ మూలగా ఒక పాత ఆర్.వి. ఉంది. పైన నీలం టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టారు. ఒక టైరులో గాలి లేదు.

అర్ధరాత్రి దాటాక తలుపు మీద టార్చితో కొట్టిన చప్పుడు. తమ్ముడు తలుపు తీశాడు. పోలీసాయన కుర్రాడే, మర్యాదస్తుడు. ఇక్కడ రాత్రి పడుకోకూడదని, ఫలానా రోడ్డులో పది పన్నెండు మైళ్ళు వెళితే చోటుందని చెప్పాడు. వానలో ఇంత పెద్ద బండి నడపడం కష్టమైతే తెల్లారాక కదలమన్నాడు కూడా. పోతూ పోతూ టార్చి బస్సు పొడుగునా వేసి చూశాడు. బండి చాలా బాగుందన్నాడు. ఎక్కడ చేయించారని అడిగాడు. వీడు రంగు గురించి, లోపలి చెక్కపని గురించి రెండు నిమిషాలు చెప్పాడు.

తరవాత ఆయన టార్పాలిన్ వైపు నడిచాడు. ఆ తలుపు మీద కొట్టిన చప్పుడు వేరు. మాటలు వినపడలేదు. పొద్దున చూస్తే ఆ బండి అద్దం మీద నారింజరంగు కాగితం అంటించి ఉంది. ఇన్ని గంటల్లో తియ్యకపోతే లాక్కుపోతామని. అందులో ఉండే ఆవిడ మా దగ్గరికి వచ్చి బ్యాటరీకి జంపు ఇస్తారా అని అడిగింది. తమ్ముడు కేబుళ్ళు తీసుకెళ్ళి అరగంట తంటాలు పడ్డాడు. అది ఒకసారి దగ్గి ఆగిపోయింది. బ్యాటరీ కొత్తది కొనాలన్నాడు. ఆవిడ తలూపింది. మరదలు ఒక డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఆ తరవాత మేం వెళ్ళిపోయాం.

ఇద్దరం ఆగింది ఒకే చోట. ఇద్దరం తప్పిందీ ఒకే నియమం. ఆవిడ బండి కదలలేదు కాబట్టి ఆవిడ నేరం పెద్దదైంది. మాది కదులుతుంది, రంగు బాగుంది, మా తమ్ముడి ఇంగ్లీషులో వినయం ఉంది. నల్లగా ఉన్న ముగ్గురం అర్ధరాత్రి పోలీసు టార్చి వెలుగులో ఎందుకు క్షేమంగా ఉన్నామంటే ఆ ఆకుపచ్చ పెయింటు వల్లే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. తేలికదనం, లోకమే పెరడు కావడం అని మీరు రాస్తున్నది చాలావరకూ ఇదే. ఎక్కడ ఆగినా, కాసేపయ్యాక వెళ్ళిపోతారని ఎదుటివాడికి నమ్మకం కుదరడం.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది, చూసే ఓపిక ఉంటే. బస్సు ఇళ్ళ గురించి మాట్లాడేవాళ్ళందరికీ మూలపురుషుడు కెన్ కెసీ. 1964లో, 1939 నాటి స్కూలు బస్సుకి రంగులు పూసి, 'ఫర్దర్' అని పేరు పెట్టి, కాలిఫోర్నియా నించి న్యూయార్కు దాకా నడిపించాడు. ఆ బస్సు గురించి టామ్ వుల్ఫ్ ఒక పుస్తకమే రాశాడు. కెసీ అప్పటికే పేరున్న నవలాకారుడు, లా హోండాలో సొంత ఇల్లుంది, తిరిగి అక్కడికే వచ్చాడు. ఈ సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. ఆ తరవాత 1970లో స్టీఫెన్ గాస్కిన్ వెనకాల శాన్‌ఫ్రాన్సిస్కో నించి డజన్ల కొద్దీ బస్సులు బయల్దేరాయి. నెలల తరబడి దేశమంతా తిరిగి వాళ్ళు చివరికి ఏం చేశారు? 1971లో టెనెసీలో సమ్మర్‌టౌన్ దగ్గర వెయ్యి ఎకరాలకి పైగా భూమి కొనుక్కుని ఆ బస్సుల్ని అక్కడ నిలబెట్టారు. కొన్నాళ్ళు వాటిల్లోనే కాపరం. 'ది ఫార్మ్' అని ఇప్పటికీ ఉంది. అంతమంది తిరుగుబోతుల్లో నాకు తెలివైనవాళ్ళుగా కనపడేది వీళ్ళే. బస్సుకి కావలసింది భూమి అని గ్రహించారు.

భూమి లేనివాళ్ళకి ఏమైందో చూడాలంటే ఇంగ్లండు వెళ్ళాలి. అక్కడ డెబ్భైల్లో, ఎనభైల్లో పాత బస్సులు, అంబులెన్సులు ఇళ్ళుగా మార్చుకుని ఉత్సవం నించి ఉత్సవానికి తిరిగే గుంపులు ఉండేవి. 1985 జూన్ 1న అలాంటి బళ్ళ వరస ఒకటి స్టోన్‌హెంజ్ వైపు పోతుంటే విల్ట్‌షైర్‌లో పోలీసులు అడ్డుకున్నారు. బళ్ళు పక్కనున్న చేలోకి తిరిగాయి. లాఠీలతో అద్దాలు పగలగొట్టి, లోపల పిల్లలుండగానే మనుషుల్ని బయటికి లాగారు. ఐదు వందల మందికి పైగా అరెస్టు. ఆ చేను పేరుతోనే దాన్ని 'బీన్‌ఫీల్డ్ యుద్ధం' అంటారు. జిప్సీలకి దిగే జాగాలు స్థానిక కౌన్సిళ్ళే చూపించాలని 1968లో చేసిన చట్టం ఒకటుండేది. 1994లో ఆ బాధ్యత తీసేశారు. 2022లో ఇంకో మెట్టెక్కి, అనుమతి లేకుండా బండి పెట్టుకుని ఒకరి జాగాలో కాపరం ఉండి, పొమ్మన్నా పోకపోతే నేరమే అన్నారు. అంటే ముందు ఆగే చోటు తీసేశారు, తరవాత ఆగడాన్ని నేరం చేశారు.

అమెరికా దీనికంటే పెద్ద మనసు చూపిస్తుందనుకోకండి. బండిలో నివాసం ఉండకూడదని లాస్ ఏంజెలస్ 1983లో పెట్టిన నియమాన్ని, అస్పష్టంగా ఉందని 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. కొట్టేస్తే నగరం ఇంకొంచెం స్పష్టంగా రాసుకుంది. ఇళ్ళున్న వీధుల్లో రాత్రి 9 నించి పొద్దున 6 దాకా బండిలో పడుకోకూడదని. సియాటిల్‌లో 2016లో, పాత ట్రక్కులో ఉంటున్న ఒక కార్మికుడి బండిని నగరం లాక్కుపోతే ఆయన కోర్టుకెళ్ళాడు. 2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ట్రక్కు ఆయన ఇల్లేనని, ఇంటికుండే రక్షణ దానికీ ఉందని, ఆయన నించి వసూలు చేసిన డబ్బు మితిమీరిన జరిమానా అని తీర్పు చెప్పింది. ఈ విషయంలో నాకు తెలిసిన మంచి కబురు ఇదొక్కటే. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో దేశ సుప్రీంకోర్టు, ఆరుబయట పడుకున్నందుకు వేసే శిక్ష రాజ్యాంగం వద్దన్న క్రూరమైన శిక్షల కిందికి రాదంది. గ్రాంట్స్ పాస్ కూడా ఆరెగాన్‌లోదే. పడుకోవడానికి మరో చోటు లేనివాడికి కూడా ఇదే వర్తిస్తుంది. మన బస్సు ఇళ్ళవాళ్ళు ఆ తీర్పు మీద ఒక్క మాట రాయగా నేను చూడలేదు. తమ గురించి కాదనుకున్నారు.

'ఇదంతా మనకెందుకు, మన సాహిత్యంలో దీనికి సంబంధమేముంది' అనేవాళ్ళుంటారు. నా కోపంలో సగం అక్కడ్నించే వచ్చింది. ప్రయాణమంటే ఆగడమే అని మొదట గుర్తించింది మనవాళ్ళు! ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నించి పల్లకీలో బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా చూసుకుని మరుసటేడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తీసి ఏ పేజీ అయినా చూడండి. ఏ ఊళ్ళో దిగారు, నీళ్ళున్నాయా, నీడకి తోపు ఉందా, అంగళ్ళున్నాయా, సత్రం ఉందా. పేజీల తరబడి ఇదే. చిన్నప్పుడు నాకు విసుగనిపించేది. అయిదు వారాలు బస్సులో తిరిగొచ్చాక చదివితే ఒక్క పంక్తి వదలబుద్ధి కాలేదు. తనతో వందమంది దాకా పరివారం, బోయీలు. తనేమో మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఆ హోదా దారిలో ఎంత అక్కరకొచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఆయనకి మజిలీ తేలిగ్గా కనపడలేదు. రాసుకున్నాడు.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' సంగతి చెప్పక్కర్లేదు. మణిసిద్ధుడూ గోపాలుడూ నడిచే దారి గురించి ఆ పుస్తకాల్లో ఉన్నదెంత? కథ పుట్టేదంతా మజిలీలోనే. వంటయి, తిని, నడుం వాల్చాక, ఆ పిల్లాడు ఊళ్ళో చూసొచ్చిన వింత గురించి అడిగితేనే కథ. ఆగే చోటు లేకపోతే పన్నెండు భాగాలూ లేవు.

మా అమ్మమ్మ కూడా బస్సు ఇంట్లో తిరిగిన మనిషే. మా గోదావరి జిల్లాల నించి కాశీ, గయ, ప్రయాగ తిప్పే టూరిస్టు బస్సులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. టాపు మీద బియ్యం బస్తాలు, వంటపాత్రలు, గ్యాసు బండలు, వెంట ఇద్దరు వంటవాళ్ళు. మూడు వారాలు. కాశీలో ఏం చూశావమ్మమ్మా అంటే నాలుగు మాటల్లో తేల్చేసేది. ఆగిన చోట్లు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేది. ఏ పెట్రోలు బంకు వాడు పంపు దగ్గర నీళ్ళు పట్టుకోనిచ్చాడు, ఎక్కడ పొయ్యి పెట్టొద్దని తరిమారు, తెల్లవారుజామున చీకట్లో ఆడవాళ్ళందరూ ఒకరికొకరు చీరలు అడ్డం పట్టుకుని పొలాల్లోకి ఎలా వెళ్ళారు. పెద్దగా చదువుకోని మనిషి. ప్రయాణం గురించి ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు.

పాతకాలం బంగారమనడం లేదు. సత్రాల్లో కులం అడిగేవారు. అరుగు మీద పడుకోనిచ్చే ముందు ఇంటిపేరు అడిగేవారు. మనకీ కొందరి బళ్ళు రథాలు, కొందరివి దొంగబళ్ళు. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యాను ఒకటి మార్పించుకుని, అందులోనే తింటూ, పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగాడు. రోడ్డు పక్కనే స్నానం చేసిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. తెలుగువాళ్ళు బాగా ఎరిగిన ఇల్లులాంటి బండి అదే. దానికి చైతన్యరథమని పేరు. ఏ ఊరి నడిబొడ్డున ఆగినా హారతులు పట్టారు.

అదే నేల మీద ఎరుకలవారు తరతరాలుగా గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పుని లోపలి ఊళ్ళకి మోసేవాళ్ళు. లంబాడీలు ఎద్దుల మందలతో ధాన్యం, ఉప్పు తిప్పేవాళ్ళు. రోడ్లూ రైళ్ళూ వచ్చి ఆ బేరం పోయింది. బేరం పోయాక కూడా తిరుగుతున్నారు కాబట్టి అనుమానం మొదలైంది. 1871లో నేరస్థ తెగల చట్టం, 1911లో దాన్ని సవరించాక మద్రాసు రాజధానిలోనూ అమలు. ఊరు దాటాలంటే చీటీ, ఉన్నచోట హాజరు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో సెటిల్‌మెంటు పెట్టి ఎరుకలవారిని దానిలో కూర్చోబెట్టారు. మీనా రాధాకృష్ణ తన 'డిజానర్డ్ బై హిస్టరీ'లో ఇదంతా వివరంగా రాశారు. స్వతంత్రం వచ్చాక 1952లో దేశవ్యాప్తంగా ఆ చట్టం పోయింది. ఊరి బయట గుడారం కనపడితే పోలీసు స్టేషనుకి కబురు చెయ్యడం పోయిందా? మా ఊళ్ళో నా చిన్నప్పుడు పోలేదు. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు వస్తే బియ్యం వేసేవాళ్ళమే, ఆ రాత్రి వాళ్ళు చెరువుగట్టు మీద దిగితే మా నాన్న గొడ్లసావిడికి తాళం వేయించేవాడు. 'నిలువ నీడ' అనే మాట ఉన్న భాష మనది. నిలవడానికి నీడ కావాలని తెలిసే ఆ మాట పుట్టింది. ఎవరికి ఇవ్వాలో అన్న దగ్గర లెక్కలు వేశాం.

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ళకి. బస్సు కొనుక్కుని తిరగండి అని ఉత్సాహపరిచే పెద్దలు చిన్న సంగతొకటి మరిచిపోతున్నారు. ఈ దేశంలో పౌరులు కానివాళ్ళు, దౌత్యవేత్తల్లాంటి కొద్దిమంది తప్ప, చిరునామా మారితే పది రోజుల్లోగా ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. గ్రీన్‌కార్డు ఉన్న నాకూ అంతే. ఎచ్-1బి మీద ఉన్న కుర్రాడి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులు, అందులో ఇంకోటి దొరక్కపోతే బిచాణా ఎత్తెయ్యాలి. అతనికి దేశమే ఒక పార్కింగు జాగా, అద్దం మీద కాగితం అంటించి ఉంది. అలాంటివాడికి చిరునామా లేకపోవడంలో హాయి గురించి ఉపన్యాసమా? పౌరులకైతే దారులున్నాయి. సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు, ఉత్తరాలు అందుకునే కంపెనీలో ఒక పెట్టె నంబరు చూపించి డ్రైవింగు లైసెన్సు తీసుకుని, ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇల్లు వదిలేశామని చెప్పేవాళ్ళకి కూడా ఎక్కడో ఒక పెట్టె ఉండాలి. అది పెట్టుకోగలిగితే సంచారి. పెట్టుకోలేనివాడిని హోమ్‌లెస్ అంటున్నాం.

ఈ వ్యాసం చిత్తుప్రతి మా తమ్ముడికి పంపాను. "ఏంటన్నయ్యా, మేమేం పాపం చేశాం? కష్టపడి కట్టుకున్నాం, తిరిగాం" అన్నాడు. పాపమేమీ లేదు. వాడు ఆ బస్సుని కట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది, చెక్కపని నేర్చుకుని మరీ చేశాడు. వాడు తిరగడం మీద నాకు అభ్యంతరం లేదు. తిరిగొచ్చి రాసేవాళ్ళని అడుగుతున్నాను. వీరాస్వామయ్య చేసినంత పని చెయ్యమంటున్నాను. ప్రతి రాత్రికీ ఒక పంక్తి. ఎక్కడ దిగారు, నీళ్ళెక్కడివి, డబ్బెంత, ఎవరు తలుపు కొట్టారు, ఏమన్నారు. మీ పక్కన ఇంకెవరు ఆగి ఉన్నారు, పొద్దున్నే వాళ్ళు ఉన్నారా. ఇవి రాస్తే పాఠకుడు తన లెక్క తను వేసుకుంటాడు. ఆ నారింజ కాగితం ఉన్న బండి ఏమైందో నాకు తెలీదు. తెలుసుకుందామని వెనక్కి కూడా వెళ్ళలేదు. తరవాతి మజిలీ దగ్గర సముద్రం చాలా బాగుంది. పాదాల ఫోటో ఆ రోజే తీశాం.

బస్సు ఇప్పుడు డాలస్‌లో ఉంది. వచ్చిన మొదటి వారం వాళ్ళ ఇంటి ముందే, సొంత డ్రైవ్‌వేలో నిలబెట్టారు. ఎనిమిదో రోజున వాళ్ళ కాలనీ అసోసియేషన్ నించి ఉత్తరం వచ్చింది. ఇళ్ళ ముందు పెద్ద వాహనాలు ఉంచకూడదు, పది రోజుల్లో తియ్యకపోతే రోజుకి ఇంత జరిమానా అని. ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో కంచె వేసిన స్థలం ఒకటి అద్దెకి దొరికింది. నెలకి 140 డాలర్లు. మొన్న సామాను తెచ్చుకోవాలంటే నేనూ వెంట వెళ్ళాను. వరసగా పడవలు, ట్రెయిలర్లు, మధ్యలో ఆకుపచ్చ బస్సు. గేటు మీద బోర్డు ఉంది. లోపల రాత్రిపూట ఎవరూ పడుకోరాదని.